ఒక్క సీటు కోసం ఆగిన బండి

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పత్తర్‌గట్టికి పెళ్లి చీరల బేరానికైనా పోతాను గానీ, మా అన్న పక్కన కూర్చుని కంప్యూటర్‌లో ఆట మాత్రం ఆడను. ఆ రోజుల్లో ఈ మాట రోజుకోసారి అనేదాన్ని. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి అన్న మళ్లీ నా కుర్చీలోనే కూర్చుని ఉండేవాడు.

అన్నా వదినల దగ్గర ఉండి డిగ్రీ చదువుకుంటున్నాను అప్పుడు. కంప్యూటర్ నా చదువు కోసం కొన్నది. లాల్‌దర్వాజాలో మేముండే అద్దె ఇంట్లో ముందుగది ఒక్కటే కాస్త పెద్దది. కిటికీ దగ్గర వదిన కుట్టు మిషను, గోడవారగా నా కంప్యూటరు. స్నేహితురాలు ఇచ్చిన సీడీలో ఆ ఆట ఉంది. ఖాళీ జాగాలో మనమే పార్కు కట్టాలి, రోలర్ కోస్టర్ వేయాలి, జనాన్ని ఎక్కించి తిప్పి దింపాలి. వచ్చినవాళ్లు సంతోషంగా ఉంటే పార్కు నిలుస్తుంది, విసిగిపోతే మూతబడుతుంది.

ఎత్తుగా పట్టాలు వేయడం ఎవరైనా చేస్తారు. బళ్లు నడపడమే కష్టం. ఒకే ట్రాక్ మీద మూడు బళ్లు తిప్పాలంటే ట్రాక్‌ను ముక్కలుగా విడగొట్టాలి. ఆ ముక్కను బ్లాక్ అంటారు. ఒక బ్లాక్‌లో ఒక్క బండే ఉండాలి. ముందు బ్లాక్ ఖాళీ అయ్యేదాకా వెనక బండి బ్రేకు మీద నిలబడాలి. స్టేషన్‌లో ఉన్నది కదిలితేనే దాని వెనకది లోపలికి వస్తుంది, అది వస్తేనే మూడోది కదులుతుంది. ఒకటి మొండికేస్తే అన్నీ ఆగుతాయి. కాలేజీ పుస్తకాలు పక్కన పడేసి, బోలెడంతమంది బొమ్మ మనుషుల్ని చంపి నేను నేర్చుకున్న విద్య ఇది.

మా అన్నకు ఈ విద్య అక్కర్లేదు. ఆయనకు సొంత విద్య ఉంది. చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడు సీట్ల ఆటో నడిపినవాడు. ఆ ఆటోలకు టైము లేదు. నిండితే కదులుతాయి, నిండకపోతే కదలవు. నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నా డ్రైవరు "ఏక్ సీట్, ఏక్ సీట్!" అని ఒక్కటే మిగిలినట్టు అరుస్తూ నిలబడతాడు. ఆ మాట నమ్మి ఎక్కినవాళ్లు లోపల ఉడికిపోతుంటారు. ఏడు సీట్లంటే ఏడుగురని కాదు సుమా. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు వేలాడితే గానీ నిండినట్టు కాదు.

ఇంతలో ఆ ఆటోలు ఊరి లోపల తిరగకూడదని ఆర్డరు వచ్చింది. కొందరు అమ్ముకున్నారు, కొందరు ఊరి బయటి రూట్లకు పోయారు. అన్న మాత్రం ఆటో మీద టార్పాలిన్ పట్టా కప్పి ఇంటి ముందు నిలిపి, "ఇయ్యాల గాకుంటె రేపు ఆర్డర్ వాపస్ తీస్కుంటరు. ఫికర్ జెయ్యకుండ్రి" అని కూర్చున్నాడు. ఎవరైనా వచ్చి ఫలానా చోట డ్రైవరు పని ఉందంటే, "నా రూట్ నాకున్నది" అనేవాడు. ఆ మాటకు వదిన మిషను చప్పుడు పెరిగేది. ఆమె కుట్టే జాకెట్ల మీదే ఇల్లు నడుస్తోంది. వానలు పడి, వెలిసి, చలి వచ్చినా ఆర్డరు వెనక్కి పోలేదు. అన్న పనిలోకి పోకపోతే ఇల్లు ఖాళీ చేయాలి, నా చదువు ఆపాలి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ముగ్గురం పైకి అనేవాళ్లం కాదు.

ఊసుపోక అన్న ముందు నా వెనక నిలబడి ఆట చూశాడు. తర్వాత పక్కన స్టూలు వేసుకున్నాడు. కొన్నాళ్లకు స్టూలు నాకు మిగిలింది.

ఆ ఆటలో బండి ఎప్పుడు కదలాలో మనమే చెప్పొచ్చు. నిండాకే కదలమనొచ్చు, లేదా కాసేపు చూసి, నిండినా నిండకపోయినా కదలమనొచ్చు. నేను రెండోది పెట్టేదాన్ని. అన్న మొదటిది పెట్టేవాడు.

"ఖాళీ సీటుతోని బండి ఎట్ల ఇడుస్తవ్ చెల్లె? దివాలా తీస్తవ్."

"ఎనక బండి బ్రేకు మీద ఆగింది సూడు అన్నా. దాంట్ల జనం ఉన్నరు."

"ఉండనీ. వాళ్లు టికెట్ కొన్నరు గద, యాడికి పోతరు?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నేను మార్చడం, మంచినీళ్లు తాగి వచ్చేలోపు ఆయన మళ్లీ అటు మార్చడం. క్యూ పలచబడితే స్క్రీనుకు దగ్గరగా వంగి బొమ్మ మనుషుల్ని "ఏక్ సీట్, ఆజావ్ భాయ్" అని పిలిచేవాడు. వాళ్లు వినరని చెప్తే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాడు. ఒకరోజైతే అసలు బ్లాకులే తీసేశాడు.

"నడుమ నడుమ ఈ బ్రేకులేంది? మన గల్లీల రెండు ఆటోలు ఎదురుపడ్తె అద్దాలు మడుసుకొని పోతలేమా?"

స్టేషన్‌లో ఒక బండి చివరి సీటు కోసం నిలబడి ఉంది. వెనక బండి ఎత్తు మీద నుంచి వేగంగా దిగి వచ్చి దాన్ని గుద్దింది. మంటలు లేచాయి. ఎంతమంది పోయారో స్క్రీన్ మీద వచ్చింది. మిగిలినవాళ్లు గేటు దారి పట్టారు. సెలవులన్నీ ధారపోసి కట్టిన పార్కు అది. నేను నిజంగానే ఏడ్చాను. అన్న కాసేపు చూసి, "ఎనకోని బండి బ్రేకులే సక్కగ లేవు" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అన్న కాబట్టి ఊరుకున్నాను, ఇంకొకరైతే కీబోర్డు నెత్తిన పగిలేది.

ఆ తర్వాత కొద్దిరోజులకే, జాకెట్లు కుట్టించుకునే ఒకావిడను బతిమాలి వదిన ఒక పని మాట్లాడింది. ఒక కంపెనీ స్టాఫ్‌ను తీసుకుపోయే వ్యాను. గొణుక్కుంటూనే అన్న పోయాడు. వారం తిరగకముందే పట్టపగలు ఇంటికి వచ్చేశాడు. స్టాపులో ఒకాయన రాలేదని బండి ఆపుకుని కూర్చున్నాడట. టైమవుతోందని లోపల అందరూ మొత్తుకుంటుంటే, "ఒక్క సీటే గద సార్, వస్తడు" అన్నాడట. అందరికీ ఆలస్యం పడింది. మర్నాడూ అదే చేశాడు. ఆ మర్నాడు వ్యాను తాళంచెవి తీసుకుని పొమ్మన్నారు.

"మనిషిని ఇడిసిపెట్టి ఎట్ల పోతం?" అని తిరిగి మమ్మల్నే అడిగాడు. వదిన సూదిలోకి దారం ఎక్కించుకుంటూ తల ఎత్తలేదు. ఆయన వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు.

అప్పటికి నేను కొత్త పార్కు కట్టాను, బ్లాకులన్నీ సరిగ్గా పెట్టాను. నిండాకే కదలాలన్న మీట మాత్రం అన్న నొక్కేశాడు. ఆటలో వాన మొదలైంది. వానలో ఎవరూ రోలర్ కోస్టర్ ఎక్కరు, క్యూ ఖాళీ అయిపోయింది. స్టేషన్‌లో బండికి ఒక సీటు మిగిలింది. దాని వెనక బ్లాక్‌లో నిండు బండి వానలో తడుస్తూ ఆగింది. ఆ వెనక ఇంకోటి. మనుషుల మీద నొక్కితే వాళ్ల మనసులో మాట ఇంగ్లీషులో కనిపిస్తుంది. అన్న ఒకడి మీద నొక్కాడు.

"ఏమంటుండు?"

"దిగిపోత అంటుండు."

"ఈయన?"

"ఈయన గూడ గదే అంటుండు. అందరు గట్లనే అంటున్నరు. ముందు బండిని ఇడువు అన్నా, నీకు దండం పెడ్త."

"ఒక్క సీటే ఉన్నది. వాన తగ్గినంక ఒక్కడు రాడా?"

కిటికీ దగ్గర మిషను ఆగింది.

"ఎక్కనోని కోసం ఎన్ని దినాలైనా సూస్తవ్" అంది వదిన. "ఎక్కి కూసున్నోళ్ల సంగతేందయ్యా?"

అన్న వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఆమె మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కుట్టు వంకర పోతున్నా ఆపలేదు. పెద్ద లొల్లి అవుతుందని నాకు భయం వేసింది. అన్న లేచి, చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆగిన బండిని నేనే వదిలాను.

కొన్నాళ్లకు అన్నకు ఇంకో కంపెనీ వ్యాను నడిపే పని దొరికింది. ఎవరిని అడిగాడో, ఏమని అడిగాడో మాకు చెప్పలేదు. ఆటోను ధూల్‌పేట్ నుంచి ఒకాయన వచ్చి కొనుక్కుని తోలుకుపోయాడు. అప్పుడు అన్న లోపలి గదిలో కూర్చుని ఉన్నాడు, బయటికి రాలేదు.

ఆ వ్యాను మా గల్లీ చివర మెయిన్ రోడ్డు మీద నుంచే బయలుదేరేది. కాలేజీ దారిలోనే కాబట్టి, కంపెనీవాళ్లను అడిగి ముందు సీట్లో నన్ను ఎక్కించుకునేవాడు. నాకు మాత్రం నమ్మకం లేదు. కుక్కతోక వంకర ఎక్కడికి పోతుంది, ఈ తాళంచెవి కూడా ఇవాళో రేపో లాక్కుంటారు అనుకుంటూనే రోజూ ఎక్కేదాన్ని.

ఒకరోజు పొద్దున నా జడ తెమల్లేదు. పుస్తకాలు చంకలో, క్లిప్పు పళ్ల మధ్య పెట్టుకుని గల్లీలో పరుగెత్తాను. మలుపు దగ్గర పాలవాళ్ల బర్రె అడ్డం నిలబడింది. దాన్ని తప్పించుకుని వచ్చేసరికి ఎదురుగా వ్యాను, ఇంజను నడుస్తోంది. అందరూ ఎక్కి కూర్చున్నారు, ముందు నా సీటొక్కటే ఖాళీ. "అన్నా, ఆగు!" అని అరిచాను. పక్క అద్దంలో అన్న కళ్లు నన్ను చూశాయి. నేను చూశాను, ఆయన చూశాడు, అందులో అనుమానం లేదు. వ్యాను కదిలి వెళ్లిపోయింది.

నడిరోడ్డు మీద నిలబడి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఇంటికి వచ్చి పుస్తకాలు మంచం మీద విసిరికొట్టాను. ఊళ్లో వాళ్లందరి కోసం ఆగినవాడు సొంత చెల్లెలి కోసం ఆగలేడా, కళ్లు నెత్తికెక్కాయా అని ఎగిరెగిరి అరిచాను.

రొట్టెల పిండి పిసుకుతున్న వదిన చేతులు ఆగాయి.

"నిన్ను సూసిండా?"

"సూసిండు! అద్దంల సూసిండు!"

"సూసి గూడ ఆగలేదా?"

"ఆగలే!"

వదిన నవ్వడం మొదలుపెట్టింది. పిండి చేతులతోనే కొంగు అందుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు విని ఎన్నాళ్లయిందో. నాకు కాలేజీ పోయిందని ఏడుపు, ఆమెకేమో పండగ.

"మళ్ల జెప్పు" అంది, పీట నా వైపు జరుపుతూ. "ఎట్ల పోయిండో మొదటిసంది జెప్పు."

ఒళ్లు మండిపోతున్నా, కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను.