సీ3 తక్కువ, మెడికల్ పాస్

మా కోరుట్లలో ఏ రిపోర్టునైనా ఒక్కటే అడుగుతారు: పాసా, ఫెయిలా? గల్ఫ్ వీసా కోసం మెడికల్ పరీక్షలకు తిరిగిన ఊరు మరి. నాకు లూపస్ అని తేలిన ఏడాది, కరీంనగర్ నుంచి రక్తపరీక్ష కాగితం తేగానే మా అత్తమ్మ దాన్ని పట్టుకుని, మా ఆయనను దుబాయ్ పంపిన ఏజెంటు దుకాణానికి బయల్దేరింది. చంకలో పాపతో నేను వెనకాలే నడిచాను.

ఏజెంటు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"టీబీ అని రాయలే, కామెర్లని రాయలే. సీ3, సీ4 అని ఏందో ఉన్నయ్, గవి గూడ తక్కువే. పాసు పెద్దమ్మా!"

"తక్కువుంటె మంచిదే గద," అంది అత్తమ్మ. "నా షుగరు తక్కువొస్తె డాక్టరే మెచ్చుకుంటడు."

నేను బీఎస్సీ చదివిన మనిషిని. ఆ సీ3, సీ4 అనేవి క్రిములను చంపడానికి రక్తంలో ఉండే ప్రోటీన్లని, నా జబ్బులో శరీరం తన మీదికే వాటిని ఉసిగొల్పుతోందని, ఆ కొట్లాటలో ఖర్చయిపోవడం వల్లే అవి తగ్గాయని, దెబ్బ కిడ్నీలకు తగులుతుందని చెప్పాను.

"గింత చదివితె పానం ఖరాబ్ కాదా చెల్లె?" అన్నాడు ఏజెంటు.

ఇంటికి రాగానే, పాసైనదానికి మందులెందుకని అత్తమ్మ నా గోలీలను బీరువాలో పెట్టి తాళం వేసింది. స్టెరాయిడ్లకు ఉబ్బిన నా ముఖం చూసి "దుబాయ్ పైసలు బుగ్గలల్ల కనవడ్తున్నయ్" అంటున్నారు వాడకట్టు ఆడవాళ్ళు. దిష్టి తగులుతుందని అత్తమ్మ భయం. మందు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందన్న డాక్టరు మాట నా భయం. నాకేమన్నా అయితే పాపను ఎవరు చూస్తారు?

మా ఆయనకు ఫోన్ చేశాను.

"పాసన్నడు గదా, ఇంక రందేంది?" అన్నాడు.

సైన్సు ఈ ఇంట్లో పనికిరాదని అర్థమైంది.

"అత్తమ్మా, ఏజెంటు సరిగ సూడలే," అన్నాను. "డాక్టరు నన్ను అన్‌ఫిట్ చేసిండు. కిడ్నీల కాడ ఆపిండు."

ఆమె ముఖం పాలిపోయింది. గల్ఫ్ మెడికల్‌లో మొదటిసారి కొడుకు అన్‌ఫిట్ అయిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదట. వెంటనే బీరువా తెరిచి, గోలీలతో పాటు చెంబుతో నీళ్ళు కూడా తెచ్చింది.

"మళ్ల మెడికల్ ఎప్పుడట?"

"మూడు నెలలకు."

నేను మింగేదాకా ఎదురుగానే నిలబడింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది:

"ఏమన్న ఇస్తె పాసు చెయ్యడా బిడ్డా, గా డాక్టరు?"