గుమ్మం బయట చుట్టరికం

మా దీవుల్లో ఒక మనిషిని అసలు ఎరగని మరో మనిషిని వెతికిపెట్టడం కష్టం. నా ఉద్యోగానికి మొదట కావలసింది ఆ ఎరగనితనమే. అబర్డీన్ బజార్‌కి దగ్గర్లో నాకో చిన్న గది ఉంది. దిగులు జబ్బు పట్టిన కుర్రవాళ్ళు అక్కడికొచ్చి కూర్చుంటే, నేను వాళ్ళచేత మాట్లాడిస్తాను. మందులు రాయడం డాక్టరు పని, మాటలు నా వంతు. వచ్చేవాళ్ళలో సగంమంది నన్ను ఏ పెళ్ళిలోనో వడ్డిస్తుండగా చూసినవాళ్ళే.

దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్ నుంచి వచ్చిన ఆ అమ్మాయి మాత్రం నన్ను ఎరగదు. వాళ్ళ నాన్నకి అక్కడ సిమెంటు, ఇనుము కొట్టు. డిగ్రీ చదువుతున్న పిల్ల కాలేజీ మానేసి, రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటోంది. తల్లి ఇరుగుపొరుగుకి పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి, పగలంతా బస్సులో కూర్చోబెట్టి తీసుకొచ్చేది. బ్రూక్షాబాద్‌లో మేనమామ ఇంట్లో దిగి నా దగ్గరికి వచ్చేవారు.

ఇక్కడ కొత్తవాళ్ళతో మాట హిందీలోనే మొదలవుతుంది. మొదటిరోజు ఆ పిల్ల హిందీలో కొంచెం కొంచెంగా చెప్పింది. నిద్ర పట్టడం లేదని, స్నేహితుల ఫోన్లు ఎత్తబుద్ధి కావడం లేదని. ఫరవాలేదు, దారిలో పడ్డామనుకున్నాను. వాళ్ళు వెళ్ళబోతుండగా మా అమ్మ ఫోన్ చేసింది. నేను తెలుగులో మాట్లాడటం విని తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓలమ్మ, మనోళ్ళేనేటి మీరు? ఇంటిపేరేటి? ఊరు ఏ పక్కన?"

మా తాతగారిది శ్రీకాకుళం వైపని చెప్పాను. ఇంకేముంది, ఆవిడ తీగ లాగుతూ లాగుతూ నన్ను వరసకి చెల్లెల్ని చేసేసింది. పిల్లని ముందుకి తోసి, "పిన్నికి నమస్తే పెట్టు" అంది. నాకూ సంబరంగానే ఉంది. ఇక సొంత భాషలో మనసు విప్పుతుందిలే అనుకున్నాను. చదువుకున్న పుస్తకాలన్నీ అదే చెప్పాయి మరి.

తర్వాతిసారి ఆ పిల్ల పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంది. ఏమడిగినా "బాగానే ఉన్నాను పిన్నీ." నిద్ర? "పడుతోంది పిన్నీ." ఆపైన వచ్చినప్పుడూ అంతే. మాటలు తగ్గేకొద్దీ తల్లి తెచ్చే మునక్కాడలు, అరటిపళ్ళు పెరిగాయి. పిల్ల చిక్కిపోవడం కళ్ళకి కనిపిస్తూనే ఉంది. నాకు భయమేసింది, ఆ మునక్కాడల మీద కోపం కూడా వచ్చింది.

ఒకరోజు తనే, హిందీలో మాట్లాడొచ్చా అని అడిగింది. "దీదీ, హిందీ మే బోల్ సక్తీ హూఁ?"

ఎందుకని అడిగితే, "పిన్నికి చెప్తే అమ్మకి చెప్పినట్టే కదా" అని తెలుగులో అని, మళ్ళీ హిందీలోకి వెళ్ళిపోయింది. ఆ భాషలో నేనెవరో దీదీని, తనెవరి కూతురూ కాదు. అప్పుడు చెప్పింది, కొన్నాళ్ళుగా బతకాలని లేదని.

నేను గాభరా చూపించలేదు. మిగతావన్నీ నా దగ్గరే ఉంటాయని, ఈ ఒక్కటి మాత్రం డాక్టరుకీ అమ్మకీ తెలియాలని చెప్పాను. "మీరే చెప్పండి. కానీ పిన్నిలా కాదు."

తల్లి "ఏటి చెల్లీ" అంటూ లోపలికొచ్చింది. "కూర్చోండమ్మా" అన్నాను. ఆ 'అండి'కే ఆవిడ ముఖం మారింది. విషయం చెప్పాను, ఇంట్లో పిల్లని ఎలా కనిపెట్టుకుని ఉండాలో కూడా చెప్పాను. ఆవిడ ఏడవలేదు.

"ఇది ఎంతమందికి తెలుసు?"

"మన ముగ్గురికే. ఇక డాక్టరుకి చెప్పాలి."

"చెల్లెలివని కదా దాన్ని నీ చేతిలో పెట్టినాను. ఇప్పుడు పరాయిదానిలాగ మాట్లాడతావేటి?"

"ఇక్కడ నేను పరాయిదాన్నైతేనే మీ అమ్మాయి మాట్లాడుతుందమ్మా."

ఇద్దరినీ డాక్టరు దగ్గరికి నేనే వెంట తీసుకెళ్ళాను. ఆ తర్వాత తిరిగి వస్తారన్న నమ్మకం నాకు లేదు. అంత దూరం ప్రయాణం, పైగా నేను చేసిన అవమానం. డిగ్లీపూర్ ఫోన్ ఒక్కోసారి కలిసేది, ఒక్కోసారి కలిసేది కాదు. ఆ వారం నాకు అన్నం సయించలేదు.

చెప్పిన రోజుకి వచ్చారు. తల్లి చేతిలో మునక్కాడల సంచీ లేదు. బయట బల్ల మీద కూర్చుని "నమస్తే మేడమ్" అంది. ఆ మేడమ్ నాకు గుచ్చుకుంది, నిజం చెప్పొద్దూ. పిల్ల లోపలికెళ్ళి తనే తలుపు దగ్గరికి వేసుకుంది. వెనకే వెళ్ళబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"లోపల ఏటి చెప్పిందో నేనడగను. చుట్టరికం తర్వాత చూసుకుందాం మేడమ్. ముందు నా పిల్లని నాకు దక్కించండి."