గారెలు తిన్న పూట

మొన్న సూర్యాపేట దవాఖానలో మా అన్నను బరువు చూసే మిషను ఎక్కమన్నారు. నడుం నొప్పికి వస్తే బరువుతో ఏం పని అని అన్న నర్సమ్మను అడిగాడు. ఎక్కితేనే డాక్టరు చూస్తాడని ఆమె నవ్వింది. చివరికి నా భుజం పట్టుకుని ఎక్కాడు కానీ, ముల్లు వైపు చూడకుండా గోడ వైపు చూశాడు. ఎందుకో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సరిచేసుకుని చదవండి.

మాది త్రిపురారం దగ్గర చిన్న ఊరు. గొర్రెలు కాసుకునే ఇల్లు. ఎనభైల్లో మా అన్న కబడ్డీ ఆడేవాడు. అన్న కూతకు వెళ్తే అవతలివాళ్లు ముందే వెనక్కి జరిగేవాళ్లు. అన్న ఎక్కడ ఆడితే అక్కడికి ఊరంతా ట్రాక్టర్ కట్టుకుని వెళ్లేది. మాకు తిరునాళ్లయినా, సినిమా అయినా అదే. మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ఆటకు వెళ్లేవాడికి ప్రతి ఇంటివాళ్లూ తమ చేత్తో ఏదో ఒకటి తినిపించాలి. వద్దంటే ఆ ఇంటిని తక్కువ చేసినట్టు.

ఒక ఏడు రోగం వచ్చి మా గొర్రెలు చాలావరకు పోయాయి. అప్పుడే మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు సేటు పోటీ పెట్టించాడు. ఆయనకు ఆటంటే పిచ్చి. బాగా ఆడినవాళ్లకు మిల్లులో ఏడాది పొడుగునా పని, ఉండడానికి గది ఇస్తానన్నాడు. కాకపోతే ఇంత బరువుకు మించితే ఆడనివ్వరు. అన్న సరిగ్గా ఆ అంచున ఉన్నాడు. వారం నుంచి జావ తాగి కడుపు మాడ్చుకున్నాడు. అది చూసి ఊరంతా దిగులుపడింది.

పోటీ రోజు ట్రాక్టర్ మిల్లు ముందు ఆగగానే గిన్నెలు విప్పారు. అమ్మ మిగిలిన గొర్రెల్లో ఒకదాన్ని కోయించి కూర వండింది. చిన్నమ్మ గారెలు చేసింది. వెనకింటి అవ్వ నేతి వాసనతో గుమగుమలాడే బూరెలు తెచ్చింది. బస్టాండు దగ్గర ఎవరో మిరపకాయ బజ్జీలు కూడా కట్టించుకొచ్చారు.

"వద్దమ్మా, కాటా ఎక్కాలె" అన్నాడు అన్న.

"కాటా ఎక్కేటియి బియ్యం బస్తాలు బిడ్డా, నువ్వెందుకెక్కుతవ్? బుక్కెడు తిను. తినకుంటే కూతెట్ల వస్తది?" అంది అమ్మ.

అవ్వ అప్పటికే బూరె నోటి దగ్గర పెట్టి నిలబడింది. అన్న తిన్నాడు. ఆమెది తిన్నాక చిన్నమ్మది తినకపోతే ఎట్లా?

నిజంగానే బస్తాలు తూచే కాటా మీదే ఆటగాళ్లను తూచారు. అన్న ఎక్కితే బరువు మించింది. చొక్కా విప్పాడు, బనీను విప్పాడు, మొలతాడు కూడా తెంపేశాడు. ఎండలో మిల్లు చుట్టూ పరుగెత్తి వచ్చి మళ్లీ ఎక్కాడు. ఇంకా కొంచెం ఎక్కువే. మా చిన్నాయన తూచే ఆయనతో గొడవకు దిగాడు.

"అది మనిషి బరువు గాదు సారూ, మా గారెల బరువు. అది తీసేసి లెక్కజూడు."

"తీసేసి తోలుకరా, సూస్త" అన్నాడాయన.

అందరూ నవ్వారు. మావాళ్లు కూడా నవ్వారు. అన్న మాత్రం కాటా మీదనే నిలబడి గోడ వైపు చూస్తున్నాడు. అన్న లేకుండా ఆడి మావాళ్లు ఓడిపోయారు. సేటు వేరే ఊరి పిల్లలిద్దరిని పనిలో పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టర్‌లో తిండి మిగిలిన గిన్నెలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. కాలువ దాటాక అన్నే అడిగాడు.

"ఆకలైతుందే అమ్మా. గారెలున్నయా? ఇగ తింటే ఏమైతది."

అమ్మ గిన్నె ముందు పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. అన్న అన్నీ తిన్నాడు, బాగున్నాయని కూడా అన్నాడు.

సేటు పోటీ మళ్లీ పెట్టలేదు. మిగిలిన గొర్రెలు అమ్మేసి అన్న కోదాడలో హమాలీగా చేరాడు. నడుం అక్కడే పోయింది. ఇక బాగుపడదని మొన్న డాక్టరు చెప్పాడు. పోటీ నాటి సాయంత్రం ట్రాక్టర్ దిగుతూ అమ్మ అందరితో, "వచ్చే ఏడు ఆడుతడులే" అంది. అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ వచ్చే ఏడు మాత్రం మా ఇంటికి రాలేదు.