కొసరు గాజు

చూలై పేటలో ఎవరింట సీమంతమైనా గాజుల కోకిలకు కబురు వెళ్ళాల్సిందే. ముత్తవ్వ నాటి నుంచీ వాళ్ళది గాజుల ఇల్లు. డజను గాజులడిగితే ఆవిడ పదమూడు తొడుగుతుంది. పన్నెండు బేరంలోవి, పదమూడోది కొసరు. ఆ కొసరు గాజు కుడిచేతికెక్కించి, "పిల్లాపాపలతో సల్లంగుండమ్మే" అని ఆ చేతిని కళ్ళకద్దుకుంటే తప్ప ఆమె లెక్కలో డజను నిండదు.

నిరుడు మొగుడు పోయాడు. అయినా పిలుపులు ఆగలేదు. గాజులమ్మ చేతికి దోషం లేదంటారు కదా! లోకం తీరే అంత, తనకు అవసరమైన చోట శాస్త్రాన్ని చక్కగా మడిచి పక్కన పెట్టేస్తుంది.

ఇప్పుడు కూతురు సుజితకు ఏడో నెల. ఊరందరికీ తొడిగిన కొసరు గాజు తన బిడ్డకూ తొడగాలని కోకిల ఆశ. వియ్యపురాలు ప్రభ విజయవాడ మనిషి, చెడ్డదేం కాదు. ఫోన్లో మెత్తగానే చెప్పింది. "వదినగారూ, ఏమీ అనుకోకండి. గాజులు మేమే సౌకార్‌పేట బజారులో కొనేశాం. చేతికో డజను. మీరు... కాస్త వెనకాల కూర్చుంటే బాగుంటుంది."

పరాయి ఇళ్ళలో గాజులమ్మ. కన్నకూతురి దగ్గర మొగుడు పోయిన మనిషి!

కోకిల వెళ్ళి అల్లుడు కార్తికేయను పట్టుకుంది. "డజనంటే కొసరుతో పదమూడు గదా బాబూ. ఆ ఒక్కటీ నన్ను ఎయ్యనీమని మీయమ్మకు నువ్వన్నా జెప్పు."

అతను సాఫ్ట్‌వేరు మనిషి, ఏదడిగినా ఫోను తడుముతాడు. "డజనంటే పన్నెండేనండీ అత్తయ్యా. ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారట ఆ మాట. ఇంకా వెనక్కెళ్తే లాటిన్లో రెండూ పదీ కలిపిన పేరు. ఆఁ, ఇదుగో... పాతకాలంలో అక్కడి రొట్టెలవాళ్ళు డజనుకు పదమూడు ఇచ్చేవాళ్ళట, తూకం తగ్గితే శిక్ష పడుతుందన్న భయంతో."

"చూస్తివా! ఆడా కొసరుండాదే!" కోకిల మొహం విప్పారింది.

"ఉందండీ. కానీ అమ్మకు చెప్పడం నా వల్ల కాదు." అతను తల దించుకున్నాడు.

సీమంతం రోజు కోకిల హాలు గుమ్మం దగ్గర కూర్చుంది, పిడికిట్లో ఒక్క ఎర్రగాజుతో. ముత్తయిదువులు ఒక్కొక్కరే తొడుగుతున్నారు. ఒకామె మొరటుగా తోస్తే సుజిత 'అబ్బా' అంది. బొటనవేలి మొదలు నొక్కి ఎక్కించాలి తల్లీ, అన్న మాట కోకిల నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఒళ్ళో వేళ్ళు మాత్రం వాటంతటవే కదిలాయి.

గాజులు అయిపోయాయి. సుజిత పీట మీంచి లేచి, అందరి మధ్య నుంచీ నేరుగా తల్లి దగ్గరకొచ్చి కుడిచెయ్యి చాపింది. "అమ్మా, కొసరేదీ? ఎయ్యి."

అందరూ ఇటే తిరిగారు. ప్రభ అడ్డం రాలేదు, చూస్తూ నిలబడింది. అడ్డం వచ్చినా బాగుండేది, కనీసం ఆవిడ మీద కోపమైనా వచ్చేది. కోకిల పిడికిలి విప్పబోయింది. అంతలో కూతురి కడుపు కనిపించింది. రేపు జరగరానిది జరిగితే? నా చెయ్యి వల్లేనని, ఎవరో కాదు, నాకే అనిపిస్తే? ఊళ్ళో ఎవరి బిడ్డల దగ్గరా రాని భయం, పాపిష్టిది, కన్నబిడ్డ దగ్గరే వచ్చింది.

చేతులు రెండూ కొంగులో దాచేసుకుంది.

"చాల్లేమ్మే," అంది. "డజనంటే పన్నెండేనంట."