ఖాలా నిమ్మ బిళ్లలకు దొంగ బోర్డు

మార్కాపురం బస్టాండు పక్క బేకరీ యజమాని మా వీధికంతా పిన్నమ్మలాంటి రజియా ఖాలా నిమ్మ బిళ్లల వంటను దొంగిలించి, ‘మా తాతల నాటి లెమన్ బార్’ అని బోర్డు పెట్టుకున్నాడు. నిన్న ఆ పుల్లటి వాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి.

గుర్తుందా మిత్రులారా? మన ఇళ్లలో ఓవెన్లు లేని రోజులు. ఖాలా మైదా, డాల్డా పిసికి పళ్లెంలో పరిచి, మన నెత్తిన పెట్టి ఆ బేకరీ పొయ్యికే పంపేది. అది కాలాక తానే వచ్చి, గుడ్లు, చక్కెర, నిమ్మరసం గిలకొట్టి పైన పోసి మళ్లీ కాల్పించేది.

“ఏంది ఖాలా, బిస్కెట్టు మీద పులుసు పోస్తాండావు?” అని నవ్వింది ఈ బేకరీ యజమానే!

నిన్న నిలదీస్తే, “ఏ ఖాలా అబ్బా? నాకు తెల్దే” అన్నాడు.

ఖాలాకు చెబితే, “పోనీలే నాయనా, తిననీ” అంది.

“నీ పేరే తీసేసినాడు, ఎట్ల పోనిస్తా?” అన్నాను. శ్రమ ఒకరిది, పేరు మరొకరిదా?

ఖాలా లేచి కొంగు దోపుకుని, “అయితే నిమ్మకాయలు తేపో” అంది.

ఆమె పేరుతో బ్యానర్ కట్టి ఆ బేకరీ ఎదుటే నిమ్మ బిళ్లలు ఊరికే పంచుతాం. ఆ రోజు ఆయన సరుకు ఆయనే తినాలి. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒక్కరూ ఇంట్లో ఉండొద్దు, అందరూ రండి.