రెండు కొనలూ ఒక్కతీరే

నాచారంలో లేత్ మిషన్ మీద పని నాది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఓ సాయంత్రం ఉప్పల్‌లో మా ఇంట్లో పుస్తకం ముందేసుకుని అడిగింది.

"నాన్నా, శంకువును ఏటవాలుగా కోస్తే దీర్ఘవృత్తం వస్తదట. ఒక కొన పైన సన్నగున్న కాడ, ఇంకోటి కింద లావుగున్న కాడ ఉంటది గదా? కోడిగుడ్డు లెక్క రావాలె."

నాకూ అదే నిజమనిపించింది. మర్నాడు షాపులో చెక్కతో శంకువు చేసి, ఏటవాలుగా కోసి తెచ్చాను. కోసిన ముఖాన్ని కాగితం మీద పెట్టి అమ్మాయి చుట్టూ పెన్సిల్‌తో గీసింది. ఆ ఆకారాన్ని కత్తిరించి, పై కొన కిందికి వచ్చేలా తిప్పి చెక్క మీద పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది.

"ఇంకోసారి పెట్టు బిడ్డా," అన్నాను. మళ్లీ పెట్టింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఏంది, ఇద్దరూ గట్ల సూస్తున్రు?" అంటూ మా ఆవిడ వచ్చింది.

"అమ్మా, రెండు కొనలూ ఒక్కతీరే ఉన్నయే!"

ఇన్నేళ్లలో ఎన్నో శంకువులు నా చేతుల్లో తయారయ్యాయి. వాటిలో ఇంత పొందిక ఉందని ఆ సాయంత్రమే చూశాను. ఒళ్లు జలదరించింది.