సీటు కింది మూట

ఘాటు రోడ్డులో ఎదురుగా బస్సు దూసుకొచ్చినా తొణకని మనిషి కురుమూర్తి. అదే మనిషి రోడ్డు మీద పసుపు పూసిన నిమ్మకాయ కనిపిస్తే బ్రేకు తొక్కి, లారీని దాని పక్కనుంచి మెల్లగా పోనిచ్చేవాడు. ఆయన భార్య యమున ఈ సంగతి గోపాల్‌పేటలో పదిమందికీ చెప్పి నవ్వేది. వనపర్తిలో లారీలకు ఏసీలు బాగుచేసే రహమాన్ కూడా, "నిమ్మకాయలు ఎన్ని దాటొచ్చినవ్?" అని ఆటపట్టించేవాడు. కురుమూర్తి పైకి నవ్వేవాడు. లోపల మాత్రం చచ్చేంత సిగ్గుపడేవాడు.

యమున తమ్ముడు దినేష్ ఆయన వెంట రెండో డ్రైవరు. పోయిన ఎండాకాలం లోడు మీద టార్పాలిన్ కడుతూ వడదెబ్బ తగిలి కింద పడ్డాడు. బతికి బయటపడ్డాడు గానీ, కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, ఇక వేడిలో పని చేస్తే ప్రాణానికే ముప్పనీ డాక్టర్ చెప్పాడు. దినేష్‌కు స్టీరింగు తప్ప మరో పని రాదు. లారీ దిగమంటే వాడు బతికుండీ చచ్చినట్టే. అందుకే కురుమూర్తి పాత బండి అమ్మేసి, గద్వాలలో ఒక బ్రోకరు ద్వారా ఏసీ క్యాబిన్ ఉన్న సెకండ్ హ్యాండ్ లారీ కొన్నాడు. కొన్నది బామ్మర్ది కోసమని ఎవరికీ చెప్పలేదు.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఎవరైనా దాన్ని ఇంటికి తెచ్చే ముందు పాత ఓనరు పీడ వదిలించుకుంటారు. కురుమూర్తి బీచుపల్లి దగ్గర ఆపి క్యాబిన్ కడిగించి, ఎండిన దండలు, నల్లదారాలు, చినిగిన దేవుడి పటాలు కృష్ణలో వదిలాడు. చివరికి సీటు వెనక పడుకునే బల్ల కింద ఒక మూట కనిపించింది. ఎర్రచీర గుడ్డ, తీగతో బిగించి కట్టి, క్యాబిన్ నేలలోకి గట్టిగా కుక్కి ఉంది. చేతబడి మూట అనుకున్నాడు కురుమూర్తి.

"పాతబట్టల లెక్కుంది బావా, జర విప్పి చూద్దామా?" అన్నాడు దినేష్.

"ముట్టకు! నీకేం తెల్వదు!"

కర్రతో పెకిలించి, కర్రతోనే ఎత్తి దాన్ని నీళ్లలోకి విసిరాడు. కింద ఏముందో వంగి చూడనైనా లేదు. పైన కొత్త రెగ్జిన్ మ్యాట్ పరిపించాడు.

ఏసీ వేస్తే వడగాలి వచ్చింది. చూసినవాళ్లందరూ గ్యాస్ అయిపోయిందన్నారు. కొట్టించినా వేడిగాలే. ఆఖరికి రహమాన్ దగ్గరికి తీసుకుపోయాడు. రహమాన్ మీటర్లు తగిలించి చూస్తే గ్యాస్ నిండుగా ఉంది. పైపుల అతుకులకు సబ్బు నురగ పూసి చూశాడు, ఎక్కడా బుడగ రాలేదు. స్విచ్ వేయించి ఇంజను దగ్గర చెవి పెట్టాడు. కంప్రెసర్ తిరగడం మొదలైతే వచ్చే 'టక్' చప్పుడు రాలేదు. అక్కడి నుంచి వైరు వెంబడి పోతే, ఒకచోట తెగి, తెగిన కొసలకు విడివిడిగా టేపు చుట్టి ఉంది.

"ఎలుక కొరికింది గాదు ఇది. ఏసీ నడవొద్దని ఎవరో కావాల్నని కోసిండ్రు. పాత ఓనర్‌ని అడిగినవా?"

"బ్రోకర్ నంబరిస్తలేడు భాయ్."

"క్యాబిన్లకెళ్లి ఏమన్న తీసినవా? వైరు కోసినోడు ఇంకేమన్న గూడ చేసుంటడు."

మూట సంగతి కురుమూర్తి నాలుక చివరిదాకా వచ్చింది. షెడ్డులో ఇంకో నలుగురు డ్రైవర్లు చెవులు రిక్కించుకుని ఉన్నారు. "ఏం లే భాయ్. పటాలు, దండలు, గంతే."

రహమాన్ వైరు కలిపాడు. చల్లగాలి వచ్చింది. దినేష్ గాలి ముందు ముఖం పెట్టి కళ్లు మూసుకున్నాడు. "బావా, ఇగ నన్ను బండి దిగమనవు గద!" అన్నాడు. కురుమూర్తికి కళ్లు చెమర్చాయి.

ఆ వారమే కొల్లాపూర్‌లో మామిడి లోడు. మిట్టమధ్యాహ్నం, కూలీలు తక్కువై లోడింగు సాగలేదు. "నువ్వు లోపల పండుకో. అద్దాలెక్కించుకో, ఇంజను బందు చెయ్యకు" అని కురుమూర్తే దినేష్‌ను క్యాబిన్‌లోకి పంపి, తను ఎండలో నిలబడి డబ్బాలు ఎక్కించాడు. పని అయ్యాక తలుపు తట్టాడు. మళ్లీ తట్టాడు. తలుపు తెరిస్తే లోపల చల్లగా ఉంది. దినేష్ దుప్పటి గొంతుదాకా కప్పుకుని ఉన్నాడు. లేవలేదు.

ఇంజను పొగ పీల్చి పోయాడని దవాఖానలో చెప్పారు.

పోలీసులు బండి వదిలాక రహమాన్ దాని కిందికి దూరి చూశాడు. సైలెన్సర్ పైపు పగిలి ఉంది. దానికి సరిగ్గా పైన క్యాబిన్ నేల తుప్పుపట్టి అరచేయంత బొక్క పడింది. మ్యాట్ ఎత్తితే బొక్క చుట్టూ మసి, మసిలో అతుక్కుని ఎర్రటి గుడ్డపోగులు. "ఈడ బట్ట కుక్కిండ్రు, పొగ రాకుండ. అద్దాలు మూసుకుని కూసోవద్దనే ఏసీ వైరు గూడ కోసిండ్రు" అంటూ రహమాన్ తలెత్తాడు. కురుమూర్తి నేల మీద కూలబడి ఉన్నాడు. ఆ బట్ట తీసింది ఎవరో రహమాన్‌కు అర్థమైంది.

పైపు బాగుచేయించకుండా గుడ్డ కుక్కి, వైరు కోసి, నోరు మూసుకుని బండి అమ్ముకున్న ఆ పాత ఓనరును ఏమని తిట్టాలి? కురుమూర్తి తిట్టలేదు. నోరు మూసుకున్నది వాడొక్కడే కాదు.

దినాలు అయిన మర్నాడు యమున ఒడి నిండా నిమ్మకాయలు తెచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "నీ భయమే నిజమైంది. బండికి ఎవరో చేతబడి చేసిండ్రు. నా తమ్ముణ్ణి తిన్నది అదే. జర ఎవరినన్న పిలిపించు, తీపిద్దాం."

తల ఊపితే చాలు. రహమాన్ ఎవరికీ చెప్పే మనిషి కాదు. కురుమూర్తి తల ఊపలేదు. మూట దొరికిన దగ్గర్నుంచి ఎర్రపోగుల దాకా అంతా చెప్పాడు.

యమున అడిగింది. "రహమాన్ అన్న అడిగినప్పుడన్న చెప్పకపోతివి?"

"నలుగుట్ల నవ్వుతరని."

"నాకన్న చెప్పకపోతివి?"

కురుమూర్తి నిమ్మకాయల వైపు చూశాడు. ఆమె మళ్లీ అడిగింది.

"నువ్వు గూడ నవ్వుతవని" అన్నాడు.

యమున నిమ్మకాయలను గడప పక్కన పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.